వీపున మోసిన నీడ

వనజాక్షికి నడకంటే పిచ్చి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, పట్టుచీరలు నేసే ఇంటికే కోడలై వచ్చిన మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందని వీధిలో నవ్వుకుంటారు గానీ అందులో వింతేమీ లేదు. చిన్నప్పుడే మగ్గం గుంతలో కాళ్లు పెట్టింది. ఇప్పుడు నలభై ఆరేళ్లు. ఇన్నేళ్లూ ఆ కాళ్లు పొద్దస్తమానం తొక్కుతూనే ఉన్నాయి, ఒక్క అడుగు మాత్రం ముందుకు పడలేదు. అలాంటి కాళ్లకు ఏడాదికొకసారి మూడు రోజుల దారి దొరికితే ఎవరు వదులుకుంటారు?

ఆ దారి కదిరి దారి. ఫాల్గుణంలో నరసింహస్వామి తేరు లాగే రోజులకు వాళ్ల వీధి భజన బృందం బత్తలపల్లె, ముదిగుబ్బల మీదుగా నడిచి పోతుంది. బృందానికి పెద్ద హనుమంతప్ప. వీధిలో సగం మగ్గాలకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారి ఆయన. వనజాక్షి ఇంటి మగ్గం కూడా ఆయనిచ్చే పట్టుతోనే ఆడుతుంది. సామాన్లు ఆయన ట్రాక్టరులో ముందు పోతాయి, మనుషులు వెనక నడుస్తారు, రాత్రికి ఏ గుడి మండపంలోనో బడి గదిలోనో అందరూ కలిసి పడుకుంటారు.

ఇందులో ఆడవాళ్లకొక కట్టుబాటు ఉంది. దారిలో నెలసరి వస్తే ఆ సంగతి పెద్దావిడ రామలక్ష్మమ్మ చెవిన వేయాలి. ఆ మనిషి మండపంలో పడుకోకూడదు, వచ్చిన బస్సెక్కి ఇంటికి వెళ్లిపోవాలి. ఎవరూ పరీక్షలు పెట్టరు. దేవుడి దారిలో అబద్ధం తగదన్న భయంతో ఎవరికి వాళ్లే వచ్చి చెప్పుకుంటారు. నేరమూ వాళ్లదే, సాక్ష్యమూ వాళ్లదే, తీర్పు మాత్రం హనుమంతప్పది. ఇంత సుఖమైన కచేరీ ఇంకెక్కడా చూడం.

వనజాక్షి వరసగా రెండేళ్లు అలా చెప్పుకుంది. మొదటి ఏడాది ముదిగుబ్బలో బస్సెక్కించారు. రెండో ఏడాది బత్తలపల్లె కూడా దాటలేదు. ఆ రోజు ఆమె సంచీ ట్రాక్టరుతో పాటు ముందుకెళ్లిపోయింది. మార్చుకోవడానికి చీర లేదు. ఎవరో ఇచ్చిన తువ్వాలు నడుముకు చుట్టుకుని, సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, ధర్మవరం దాకా కమ్మీ పట్టుకుని నిలబడి వచ్చింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. స్వామి మీద కాదు, హనుమంతప్ప మీద కూడా అంతగా కాదు. తన నోటితో తానే వెళ్లి చెప్పుకుందే, ఆ నోటి మీద.

ఆ వయసులో నెలసరి ఒక పద్ధతిలో రాదు. ఒక నెల రెండుసార్లు పలకరిస్తుంది, ఇంకో నెల మొహం చూపించదు. మాత్రలు మింగి ఆపుకుందామంటే కళ్లు తిరుగుతాయి. ఇలాగే ఉంటే కాళ్లలో సత్తువ పోయేదాకా కదిరి దారి సగంలోనే తెగిపోతుందని ఆమెకు అర్థమైంది. అందుకని ఈ ఏడు పుష్యమాసంలోనే భర్త వీరేష్‌తో చెప్పేసింది.

"ఈసారి మండపంలో పడుకోను. నా కప్పు నేను మోసుకోని పోతా. అందరికీ దూరంగా నా కప్పు కింద నేను పడుకుంటా. ఇంక ఎవరికేం చెప్పల్ల?"

వీరేష్ మెత్తటి మనిషి. మగ్గం గుంతలోంచి లేవకుండానే భయపడ్డాడు. "సావుకారికి కోపమొస్తాది మ్మే. పట్టు ఇయ్యడం నిలిపేస్తే ఏం జేస్తాం?"

"ధర్మవరంలో పట్టు ఇచ్చేవాడు ఆయన ఒక్కడే ఉండాడా? నా కాళ్లు మాత్రం రెండే ఉండాయి."

ఫోనులో కూతురు ప్రశాంతి దీనికంటే సులువు మార్గం చెప్పింది. ఆ పిల్ల బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే వీపుకు సంచీ తగిలించుకుని కొండలెక్కే రకం. "చెప్పకుండా ఉంటే సరిపోతాది గదమ్మా. మండపంలోనే పడుకో. ఎవరికి తెలుస్తాది?"

"దొంగమాదిరి యెందుకు పడుకోవల్ల? రామలక్ష్మమ్మత్త పక్కన పడుకోని ఆమె నమ్మకం నేనెందుకు చెడగొట్టల్ల? బయట పడుకుంటే ఎవరి నమ్మకం వాళ్లకాడే ఉంటాది."

ప్రశాంతి ఒప్పుకుంది. సరే, కప్పు సంగతి చూద్దామంది.

చూడటం అంత తేలిక కాలేదు. మొదట వనజాక్షి తనే బజారుకెళ్లి, టార్పాలిన్లు అమ్మే కొట్లో ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూసి, అన్నిటికంటే బరువైనదాన్ని తీసుకొచ్చింది. నేతగాళ్ల చేతికి అదొక జబ్బు. పట్టుచీర చేతిలో పడగానే ముందు బరువు చూస్తారు. తూగితే మంచి సరుకు, తేలిపోతే పట్టు మిగుల్చుకుని ఎవరో మోసం చేసినట్టు లెక్క. ముప్పై ఏళ్లు అలా అలవాటైన చేయి టార్పాలిన్‌ని కూడా చీర లాగే ఎంచింది. తెల్లారుజామున దాన్ని వీపుకు కట్టుకుని, నీళ్ల సీసా పెట్టుకుని బత్తలపల్లె రోడ్డు పట్టింది. ఊరు దాటకముందే భుజాలు కమిలిపోయాయి, నడుము పట్టేసింది. ఆటోలో తిరిగొచ్చి వీధి మొదట్లోనే దిగి, అక్కణ్నుంచి నడుచుకుంటూ వచ్చినట్టు ఇంట్లోకి వెళ్లింది. ఆటో సంగతి వీరేష్‌కు ఇప్పటికీ తెలియదు.

తర్వాత వీరేష్ ఒక ఉపాయం ఆలోచించాడు. ఎన్నికలప్పుడు వీధి చివర కట్టి వదిలేసిన ఫ్లెక్సీ ఒకటి మడత పెట్టి తెచ్చాడు. ఊరకే వచ్చింది, వాన నిలుస్తుంది, ఎండకూ పనికొస్తుంది అన్నాడు. వనజాక్షి దాన్ని పెరట్లో తాడు మీద వేసి కింద పడుకుని చూసింది. గాలికి పటపటమని ఒకటే మోత. పైగా నాయకుడి మొహం సరిగ్గా ఆమె తలమీదికొచ్చింది.

"ఈయన తెల్లవార్లూ నన్ను జూసి చేతులు జోడించి నవ్వుతాంటే నాకు నిద్ర యెట్ల పడతాదయ్యా? తీసుకోనిపో" అని విసిరేసింది.

ఆ పైవారం ప్రశాంతి ఒక గుడారం తెచ్చింది. నాలుగు పక్కలా మూసి, జిప్పు పెట్టి, కోళ్లగంప బోర్లించినట్టుంది. మిద్దె మీద వేసి మిట్టమధ్యాహ్నం లోపలికి దూరిన వనజాక్షి కాసేపటికే చెమటతో తడిసి బయటపడింది. పుల్లలూ సంచీ కలిసి బరువు కూడా తక్కువేం కాదు. "ఇది చలి ఊర్లోళ్లకు జేసింది. మన ఎండకు నన్ను ఉడకబెడతాది" అంది. ఎండ దిగినా నేల సెగలు కక్కే చోట మనిషికి కావలసింది గోడలు కాదు, పైన ఒక కప్పు, పక్కన గాలి.

అప్పుడు ప్రశాంతి సంచిలోంచి పిడికెడంత మూట తీసి తల్లి చేతిలో పెట్టింది. బూడిద రంగు నైలాన్ గుడ్డ. విప్పితే ఇద్దరు పడుకునేంత. గోడల్లేవు, పుల్లల్లేవు. అంచుల వెంట ఉచ్చులు కుట్టి ఉన్నాయి. చేతికర్ర నిలబెట్టి, తాళ్లు లాగి నేలలో దిగ్గొట్టిన మేకులకు కట్టుకోవడమే.

వనజాక్షి దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి మొహం చిట్లించింది. "ఇందులో ఏముందే? ఊదితే పోయేట్లుంది. ఎవరో నిన్ను బాగా మోసం జేసినారు."

"బరువు లేకపోతే మోసమని మీ నేతగాళ్ల లెక్క. నువ్వు దీన్ని పెండ్లికి కట్టుకుంటావా, వీపున మోస్తావా?"

ఆ మాట తగిలింది. కానీ వనజాక్షి మాటలకు లొంగే మనిషి కాదు. గుడ్డ నాలుగు మూలలూ మగ్గం గది దూలాలకు జోలెలా కట్టి, అందులో బిందెడు నీళ్లు పోసింది. వంట చేసుకుంది, తింది, గిన్నెలు తోముకుంది. వచ్చి కింద చేయి పెట్టి చూస్తే పొడిగా ఉంది. నీళ్లు పారబోసి, గుడ్డ ఆరబెట్టి, పట్టు తూచే తక్కెడలో వేసింది. ఒక పెళ్లిచీర ఎత్తు కూడా తూగలేదు. ఆమె కాసేపు ఆ తక్కెడ వంకే చూసింది. బరువుంటేనే నిలుస్తుందని ఇన్నేళ్లూ నమ్మింది. తక్కెడ వేరే మాట చెబుతోంది. ఆ రోజే తీర్మానించుకుంది, తన కప్పు ఇదే.

బయలుదేరిన పొద్దున ట్రాక్టరు దగ్గర హనుమంతప్ప ఆమె వీపు మీది సంచీ చూశాడు. "ఏమమ్మా, మోసుకోని యెందుకు నడుస్తావు? ట్రాక్టర్లో పడెయ్యి."

"వద్దులే అన్నా. నా సంచి నా వీపునే ఉండనీ."

పోయినేడాది సంగతి ఆయనకు గుర్తుందో లేదో గానీ ట్రాక్టరును కదలమన్నాడు. చీర, తువ్వాలు, గుడ్డలు, నీళ్లు, కప్పు, అన్నీ వీపుమీదే, కర్ర చేతిలో. అంతా కలిపినా అప్పటి టార్పాలిన్‌లో సగం లేదు. రోడ్డు పక్క వేరుశనగ పీకేసిన ఎర్ర నేలలు చూసుకుంటూ వనజాక్షి అందరికంటే ముందు నడిచింది.

ఆ సాయంత్రం బత్తలపల్లెలో మాత్రం పరువు పోయింది. మండపం పక్కన బయలులో కప్పు వేస్తూ, లేచి కూర్చుంటే తల తగలకూడదని ఎత్తుగా కట్టింది. నేల రాయిలా ఉండి మేకులు దిగలేదు, పైపైన గుచ్చింది. పొద్దు గుంకే వేళ గాలి లేచి కప్పును ఒక్క ఊపులో ఎత్తుకెళ్లి కంపచెట్టు మీద వేసింది. భజనవాళ్లంతా పగలబడి నవ్వారు. హనుమంతప్ప మెట్ల మీద నిలబడి అన్నాడు. "లోపల ఇంత జాగా పెట్టుకోని ఈ వేషాలేందమ్మా? రా లోపలికి."

ముళ్లలోంచి గుడ్డ తీసుకుంటుంటే ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. లోపలికెళ్లి పడుకుంటే ఈ నవ్వు ఇంతటితో ఆగిపోతుంది, నిజమే. కానీ రేపో మాపో బస్సు కమ్మీ పట్టుకుని నిలబడాల్సి రావచ్చు. ఆమె కర్రను ఏటవాలుగా ఆనించి, వీపు గాలికి పెట్టినట్టు ఒక అంచును నేలకు దించి, మేకులు వదిలేసి తాళ్లను పెద్ద రాళ్లకు చుట్టింది. ఈసారి గాలి కప్పు మీంచి జారిపోయింది. కింద కూర్చుంటే తల తగులుతోంది. తగిలితే తగిలిందని పడుకుంది.

రామలక్ష్మమ్మ చిత్రాన్నం పొట్లం పట్టుకుని దగ్గరికొచ్చింది. "ఏమ్మే, ముట్టయినావా?"

"చెప్పను అత్తా."

"చెప్పనంటే ఎట్ల? అయింటే బస్సెక్కు, కాకుంటే లోపలికి రా."

"అయినా కాకపోయినా నేను బయటే పడుకుంటా. నీ పక్కకు రాను, నీ చెంబు ముట్టుకోను. ఇంక నీకు యెందుకు చెప్పల్ల?"

రామలక్ష్మమ్మ పొట్లం కింద పెట్టి వెళ్లిపోయింది. ఇంతకూ అయిందా కాలేదా అని మీకు కూడా అడగాలని ఉంటుంది. నాకు తెలియదు. తెలిసినా చెప్పేవాణ్ని కాను.

మర్నాడు నడకంతా ఇదే గుసగుస. మండుటెండలో ఒక్కతే నడుస్తుంటే, హనుమంతప్ప కోడలు జ్యోతిలక్ష్మి పక్కకొచ్చి చేరింది. పెళ్లయి రెండేళ్లయిన పిల్ల, మామ ఎదుట తలెత్తదు. చేయి చాచి, "అక్కా, ఒకసారి ఆ సంచి ఇస్తావా?" అంది. భుజానికి వేసుకుని నాలుగడుగులు నడిచింది. "ఇంతేనా బరువు?" అని ఆశ్చర్యపోయింది. తిరిగిచ్చేటప్పుడు, "ఇద్దరు పడతారా దాని కింద?" అని మెల్లగా అడిగింది. పడతారని చెప్పింది వనజాక్షి.

సాయంత్రానికి ముదిగుబ్బ దాటి రోడ్డు పక్కన ఒక బడిలో ఆగారు. వనజాక్షి బడి ముందు వేపచెట్టుకు దూరంగా, ఈసారి మొదటే కిందికి దించి కప్పు వేసుకుని కూర్చుంది. హనుమంతప్ప ఓపిక అక్కడితో అయిపోయింది. బృందంలో ఒక మనిషి చెప్పకుండా ఉండిపోతే రేపు ఎవరూ చెప్పరు. ఆయన రోడ్డుకు అడ్డం నిలబడి ధర్మవరం వైపు పోయే బస్సు ఆపాడు.

"వనజాక్షీ, లే. ఎక్కు."

"నేను ఎక్కను."

"స్వామి దావలో మొండితనం పనికిరాదు. రేపట్నుంచి మీ ఇంట్లో మగ్గం యెట్ల ఆడతాదో చూస్తా."

అందరి ముందూ అన్నాడు. వనజాక్షికి ఇంట్లో మగ్గం మీదున్న సగం చీర కళ్లముందు కదిలింది, వీరేష్ బిక్కమొహం కదిలింది. అయినా లేవలేదు.

"చూసుకో అన్నా. నీ పట్టు నువ్వు తీసుకోనిపో. నడిచేది నేను, కాళ్లు నావి, పడుకునేది నా కప్పు కింద. రెండేండ్లు నువ్వు ఎక్కమంటే ఎక్కినా. ఇంక ఎక్కను."

కండక్టరు తల బయట పెట్టి, ఎక్కుతారా లేదా అని అరిచాడు. అప్పుడు బడి వరండాలోంచి జ్యోతిలక్ష్మి తన సంచీ పట్టుకుని దిగింది. ఈ పిల్లకే వచ్చినట్టుంది, పాపం బస్సుకు పోతోందనుకున్నారు అందరూ. హనుమంతప్ప కూడా అలాగే అనుకుని దారి ఇచ్చాడు. ఆ పిల్ల బస్సు పక్కనుంచే నడిచెళ్లి, వంగి, కప్పు కింద వనజాక్షి పక్కన కూర్చుంది. మోకాళ్ల మీద తలపెట్టుకుంది గానీ లేవలేదు.

కోడల్ని నలుగురిలో ఆ ప్రశ్న అడగడం ఏ మామకు సాధ్యం? "అత్తా, నువ్వు పోయి కనుక్కో" అని హనుమంతప్ప రామలక్ష్మమ్మను పురమాయించాడు.

ఆవిడ వచ్చి జ్యోతిలక్ష్మిని అడిగింది. జ్యోతిలక్ష్మి తల అడ్డంగా ఊపింది. అవునని కాదు, కాదని కాదు, చెప్పనని. ఇంతలో భజనలో గొంతెత్తి పాడే మారెక్క, మనవళ్లకు పెళ్లిళ్లు చేసిన ముసలిది, తన చాప చంకన పెట్టుకుని వచ్చి కప్పు అంచున చతికిలబడింది.

"నీకేం వచ్చిందే?" అంది రామలక్ష్మమ్మ విసుగ్గా.

"నేను గూడా చెప్పను, పో" అంది మారెక్క.

వరండాలో ఒక ఆడమనిషి ఫక్కున నవ్వింది. ఆ వెనకే ఇంకొకరు. కాసేపటికి బడి మొత్తం ఆడవాళ్ల నవ్వుతో నిండిపోయింది. ఇద్దరు ముగ్గురు పక్కబట్టలు తెచ్చి కప్పు పక్కన ఆరుబయట పరుచుకున్నారు కూడా. రామలక్ష్మమ్మ నవ్వలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని అందరినీ ఒకసారి చూసి, తిరిగి హనుమంతప్ప దగ్గరికి వెళ్లింది.

"నాకు తెల్దప్పా. కావల్లంటే నువ్వే పోయి ఒక్కొక్కరినీ అడుక్కో."

హనుమంతప్ప అక్కడే నిలబడ్డాడు. ఆడవాళ్ల వంక ఒకసారి, రోడ్డు వంక ఒకసారి చూశాడు. కండక్టరు విజిలేశాడు. బస్సు ఖాళీ మెట్టుతో కదిలి వెళ్లిపోయింది. దుమ్ము అణిగాక వనజాక్షి జ్యోతిలక్ష్మి చేయి గట్టిగా పట్టుకుంది. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు, రెండేళ్లుగా ఆగిన ఏడుపు.

మూడోరోజు సాయంత్రం కదిరి చేరారు. గోపురం కనబడగానే వనజాక్షి రోడ్డు మీదే చెప్పులు విడిచి, నిలబడి దండం పెట్టింది. పాదాలు బొబ్బలెక్కాయి, భుజాన సంచీ పట్టీ ఒరిసి మండుతోంది. ఇంటికెళ్తే మగ్గం ఉంటుందో ఉండదో తెలియదు. అయినా ఇంత ఆనందం ఆమె పెళ్లిలో కూడా ఎరగదు.

అన్నదానం పందిట్లో వడ్డన చూసే పెద్దమనిషి హనుమంతప్పను గుర్తుపట్టి పలకరించాడు. "ధర్మవరమోళ్లు వచ్చినారా? మీలో ఏటా దావలో కొంతమంది తగ్గుతారు గదా. ఈసారి ఎందరికి విస్తర్లు వెయ్యమంటావు అన్నా?"

హనుమంతప్ప వెనక్కి తిరిగి చూశాడు. ఆడవాళ్లంతా కాళ్లు కడుక్కుంటూ వరసగా వస్తున్నారు. ముందు వనజాక్షి, ఆమె వెనక కోడలు. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఎవరూ తగ్గలేదప్పా" అన్నాడు. "బయల్దేరినోళ్లందరికీ వెయ్యి."